ఆరు సీజన్ల అరువు గోల్‌కీపర్

ఆ క్లబ్బులో మొదటి ఏడాది నేను పరిగెత్తాను. రెండో ఏడాది టైపు చేశాను. గొడవ వచ్చింది టైపు చేయడం వల్లే.

ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో మాస్టర్స్ చదివే రోజులవి. పియారా వాటర్స్ అనే శివారులో మా పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని. నా చదువంతా పాత కాగితాల గురించి. ఏది దాచాలి, ఎలా దాచాలి, ఎవరైనా వచ్చి అడిగితే ఎలా వెతికి తీసివ్వాలి. ఒంగోల్లో ఉన్న మా నాన్నకు ఆ కోర్సు సంగతి చెబితే, బీరువా సర్దడానికి అంత దూరం వెళ్ళాలా అన్నాడు. వారానికి మూడు రోజులు యూనివర్సిటీ, రెండు రోజులు వృద్ధుల హోమ్ వంటింట్లో పని. మిగిలిన సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచక పిన్ని వాళ్ళింటి వెనకున్న ఓవల్ మైదానం చుట్టూ నడిచేదాన్ని.

ఒక సాయంత్రం అక్కడ పన్నెండు మంది ఆడవాళ్ళు మెరూన్ జెర్సీలు వేసుకుని బంతాట ఆడుతున్నారు. కాసేపు చేతులతో, కాసేపు కాళ్ళతో. ఏ ఆటో నాకు అర్థం కాలేదు. అందులో ఎవరో తన్నిన బంతి గ్రౌండ్ దాటి నా మీదికి వచ్చింది. జూనియర్ కాలేజీలో రెండేళ్ళు త్రోబాల్ ఆడిన చేతులు. తల పైకెత్తి రెండు చేతులతో పట్టుకుని, అంతే వేగంగా వెనక్కి విసిరాను. ఒక పొడుగాటి మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి, ఊపిరి కూడా తీసుకోకుండా, గురువారాలు నీకు ఖాళీయేనా అని అడిగింది. ఆవిడే కెప్టెన్. ఐర్లండ్ నుంచి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో పురుళ్ళు పోసే నర్సుగా పనిచేసేది. జట్టుకు పదిహేను మంది కావాలి. వాళ్ళు ఎన్ని వారాలు చూసినా పన్నెండు దాటడం లేదట.

దాన్ని గేలిక్ ఫుట్‌బాల్ అంటారు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, నాలుగడుగులు వేశాక నేలకు కొట్టాలి, లేదా కాలితో తన్ని మళ్ళీ చేతిలోకి తెచ్చుకోవాలి. గోల్ స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర పైనుంచి పంపితే ఒక పాయింటు, కింద వలలోకి పంపితే మూడు. అదే క్లబ్బులో మగవాళ్ళు హర్లింగ్ కూడా ఆడేవారు. అది చివర వెడల్పుగా ఉండే కర్రతో ఆడే ఆట. మన హాకీకి దూరపు చుట్టం అనుకోవచ్చు, కాకపోతే బంతి నేల మీద కన్నా తలల ఎత్తున ఎక్కువ తిరుగుతుంది.

నన్ను వెనక వరసలో, కుడి మూల నిలబెట్టారు. ఎదుటివాళ్ళ బంతి ఆపడం నా పని. ఆ పని నాకు ఒంట్లోనే ఉందని మూడో వారానికి అర్థమైంది. మా పిన్నికి అర్థమైంది మాత్రం నా మోకాళ్ళ మీది గాయాలే.

"ఏంటే ఇది? సండే చర్చిలో ఆంటీ వాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి? షార్ట్స్ వేసుకుని ఆ బురదలో పడి దొర్లడానికేనా యూనివర్సిటీకి వచ్చింది?"

వెనక వరసలో కుడి మూల ఆడుతోందని చెప్పు అన్నాను. పిన్ని వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ పదేళ్ళ కూతురు మాత్రం సోఫాలోంచి తల ఎత్తకుండానే, "షీ ఈజ్ యాక్చువల్లీ గుడ్, మమ్" అంది. తర్వాతి ఆదివారం చర్చి మెట్ల దగ్గర ఒకావిడ అడగనే అడిగింది. నేను ప్యాంటు మోకాలి దాకా లాగి చూపించాను. పిన్ని మొహం తిప్పుకుంది కానీ ఇంటికొచ్చాక ఐస్ ముక్కలు గుడ్డలో కట్టి ఇచ్చింది.

క్లబ్బు పుట్టుక గురించి నాకు మొదట తెలిసింది ఆ పేరు సంగతే. ఐర్లండ్‌లో పడమటి వైపు ఒక చిన్న పల్లె పేరు అది. కెప్టెన్ ఆ ఊరి మనిషే. ఫోనులో ఫోటోలు చూపించింది. ఒక వంతెన, ఒక చర్చి, ఒక కొట్టు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి రెండు కొట్లున్నాయి అన్నాను, నవ్వింది. ఆ పల్లె నుంచి ఇళ్ళు కట్టడానికి, రోడ్లు వెయ్యడానికి వచ్చిన మగవాళ్ళు కొందరు ఒకరి గ్యారేజీలో కూర్చుని క్లబ్బు పెట్టారు. మొదటి రోజే ఒక నియమం రాసుకున్నారు. ఈ క్లబ్బు సభ్యుడు కావాలంటే ఆ ఊళ్ళో పుట్టి ఉండాలి, లేదా అక్కడ పుట్టినవాళ్ళ బిడ్డ అయి ఉండాలి, లేదా వాళ్ళను పెళ్ళి చేసుకుని ఉండాలి.

ఆడవాళ్ళ జట్టు చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. అప్పటికి ఆ నియమాన్ని పట్టించుకునే ఓపిక ఎవరికీ లేదు. మా జట్టులో ఫిలిప్పీన్స్ నర్సు ఒకామె, బ్రెజిల్ నుంచి వచ్చిన విద్యార్థిని ఒకామె, ఇక్కడే పుట్టిపెరిగినవాళ్ళు నలుగురు ఉండేవారు. ఏదైనా కాగితం మీద మేము సభ్యులమా అంటే, కాదు. ఆటగాళ్ళం. ఆ తేడా నాకప్పుడు తెలియదు.

క్లబ్బు ప్రెసిడెంటు పెద్ద మనిషి, మంచి మనిషి కూడా. ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. ఎవరు ఇల్లు మారుతున్నా తన బండి ఇచ్చేవాడు. చలికాలం మ్యాచులకు పెద్ద గిన్నెలో సూప్ తెచ్చి మా అందరికీ తనే పోసేవాడు. నా చదువు సంగతి ఎవరో చెబితే, ఒక గురువారం ప్లాస్టిక్ డబ్బా ఒకటి మోసుకొచ్చి నా ముందు పెట్టాడు. అందులో క్లబ్బు పాత నోటు పుస్తకాలున్నాయి. వార్షికోత్సవానికి క్లబ్బు చరిత్ర పుస్తకంగా వెయ్యాలనుకుంటున్నారు. అవి చదివి, టైపు చేసి, వరసగా పేర్చి ఇవ్వగలవా అని అడిగాడు. నాకు సంతోషం పట్టలేదు. క్లాసులో ఎవరో దాచిన కాగితాల నకళ్ళు చూపించి పాఠాలు చెప్పేవారు. ఇవి నిజం కాగితాలు, తడి తగిలి అంచులు ముడుచుకుని, షెడ్డులో ఎలుక కొరికిన గుర్తులతో.

మొదటి సెక్రటరీ దస్తూరి గుండ్రంగా ఉండేది. మాటలు తక్కువ. ఒక మ్యాచ్ గురించి ఆయన రాసినదంతా ఇంతే: వర్షం, రిఫరీకి చూపు లేదు, ఓడిపోయాం. కింద హర్లింగ్ జట్టు పేర్లు. నేను ఒక్కొక్కటీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ పోయాను. అన్నిటికన్నా పైన, గోల్ దగ్గర, ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట ఉండేది. అదెవరిదో ఇంటిపేరు అనుకుని రెండు పేజీలు అలాగే కొట్టాను. మూడో పేజీలో సెక్రటరీ దాన్ని పూర్తిగా రాశాడు. "గోల్‌కీపర్, హాకీ వాళ్ళ దగ్గర అరువు."

ఏ జట్టుకైనా ఒకరోజు మనిషి తక్కువైతే పక్కవాణ్ణి అరువు తెచ్చుకోవడం మామూలే. కానీ తర్వాతి మ్యాచ్‌లోనూ అరువే. ఆ సీజన్ అంతా అరువే. మరుసటి సీజన్ కూడా. నోటు పుస్తకం అయిపోయి రెండోది మొదలైనా గోల్ దగ్గర ఆ మాట మారలేదు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆరు సీజన్లు. ఆ ఆరో సీజన్లోనే హర్లింగ్ జట్టు ఫైనల్ గెలిచింది. క్లబ్బు బతుకంతా వెతికినా మగవాళ్ళకు ఉన్న కప్పు అదొక్కటే. దాని గురించి సెక్రటరీ రాసిన ఆఖరి వాక్యం: "చివరి నిమిషంలో అరువు గోల్‌కీపర్ బంతిని మొహంతో ఆపాడు. గెలిచాం."

క్లబ్ హౌస్ గోడ మీద ఆ ఫైనల్ రోజు ఫోటో ఉండేది. ఎన్నోసార్లు దాని ముందు నిలబడి సూప్ తాగాను. ఈసారి వెళ్ళి లెక్కపెట్టాను. హర్లింగ్ జట్టుకూ పదిహేను మంది కావాలి. ఫోటోలో పద్నాలుగు మంది ఉన్నారు.

ప్రెసిడెంటును అడిగితే, హాకీ క్లబ్బు మనిషెవరో, తన చిన్నప్పటి మాట అని నవ్వేశాడు. అప్పుడు జెర్సీలు ఉతికే పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ భర్త క్లబ్బు పెట్టినవాళ్ళలో ఒకడు, ఎప్పుడో పోయాడు. ఎనభై దాటినా అన్ని జట్ల జెర్సీలూ ఆవిడే పట్టుకెళ్ళి ఉతికి, మడతలు పెట్టి తెచ్చేది. ఎవరైనా మేం ఉతుక్కుంటాం అంటే కోపం వచ్చేది. నేను ఆ మాట అడగ్గానే ఆవిడ చేతిలో జెర్సీ పక్కన పెట్టింది. అతనికి పేరుంది, నాకు తెలుసు అంది. ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపుతుందట, అతను తిరిగి పంపుతాడట. మరి ఫోటోలో లేడేం అని అడిగాను.

"ఎలా ఉంటాడు? ఫోటో తీసింది అతనేగా."

ఆ ఆదివారమే రెండు బస్సులు మారి, నదికి అవతల వైపున్న ఆయన ఇంటికి వెళ్ళాను. సన్నగా, నిటారుగా ఉన్నాడు. తలుపు దగ్గర గొడుగుల మధ్య ఒక పాత హాకీ కర్ర. ఎడమ కన్ను కింద ఎముక మీద తెల్లటి గీత. మొదట ఇంగ్లీషులోనే మాట్లాడాం. ఇండియాలో ఏ ఊరు అని అడిగితే ఒంగోలు అన్నాను. ఆయన కాసేపు నా మొహం వంక చూశాడు.

"అట్లయితే తెలుగులోనే మాట్లాడు మ్మా. నాతో మాట్లాడేటోళ్ళు యాడుండారు ఇక్కడ. అంతా మరిసిపోతాండా."

గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టాడు. వాళ్ళ నాన్న ఇంజన్ డ్రైవరు. ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో తెలుగు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా వచ్చినట్టే వీళ్ళూ పెర్త్ వచ్చారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. రైల్వే గ్రౌండులో నేర్చుకున్న హాకీ ఇక్కడ కూడా ఆడాడు. హాకీ వాళ్ళకూ హర్లింగ్ వాళ్ళకూ గ్రౌండు ఒకటే. ఒక ఆదివారం తమ ఆట అయిపోయి గోల్ వెనక నిలబడి, దారి తప్పి వచ్చిన బంతులను కర్రతో ఆపి తిరిగి పంపుతున్నాడు. హర్లింగ్ గోల్‌కీపర్ ఆ రోజు రాలేదు. వెనక నిలబడ్డ నువ్వు ముందుకొచ్చి నిలబడకూడదా అని అడిగారు. ముందుకు వెళ్ళాడు. ఆ తర్వాత ఎవరూ వెనక్కి వెళ్ళమనలేదు.

సీజన్ మధ్యలో సెక్రటరీ వచ్చి, తల వంచుకుని, నియమం చదివి వినిపించాడట. సభ్యుడిగా రాయలేం, రాయకపోతే ఆడించలేం, అందుకని అరువు అని రాస్తాం, ఏమీ అనుకోకు అన్నాడట. ఆయన ఏమీ అనుకోనని చెప్పాడు. అనుకున్నాడని నాతో చెబుతున్నప్పుడు తెలుస్తూనే ఉంది.

ఫైనల్ గురించి అడిగితే లేచి నిలబడి చూపించాడు. బంతి ఎటు నుంచి వచ్చింది, ఎండ కంట్లో ఎలా పడింది, కర్ర అందక మొహం ఎలా అడ్డం పెట్టాడు. అప్పట్లో హెల్మెట్లు లేవు. రక్తం ఆపడానికి ఎవరిదో తువ్వాలు కట్టుకుని వచ్చేసరికి కప్పు అందుకోవడం అయిపోయింది, ఫోటోకి నిలబడుతున్నారు. అప్పటి హర్లింగ్ కెప్టెన్ చేతిలో కెమెరా ఉంది. నీ చెయ్యి వణకదు, నువ్వు తియ్యి అని ఇచ్చాడు. ఈయన తీశాడు.

"మీకు కోపం రాలేదా అంకుల్?"

"వచ్చింది, రాకేమి. మళ్ళా ఆదివారం ఆట ఉండాది, పోయినా. ఆట మింద నాకు కోపం లేదు గదా."

పుస్తకంలో మీ గురించి రాయనా అని అడిగాను. ఆయన టీ కప్పు కింద పెట్టాడు. నేను అడగను, నువ్వు రాస్తానంటే వద్దనను అన్నాడు. కానీ ఆ పుస్తకంలోనే రాయాలి, బయట ఎక్కడా తన పేరు వద్దన్నాడు. పేరు కావలసింది అక్కడేనట. అందుకే ఇక్కడ నేను రాయడం లేదు.

ఒకే పేజీ రాశాను. ఎక్కడా ఎవరినీ నిందించలేదు. ఏం జరిగిందో నోటు పుస్తకం చెప్పినట్టు, ఆయన చెప్పినట్టు, పెద్దావిడ చెప్పినట్టు రాశాను. మొత్తం ప్రతిని తీసుకెళ్ళి క్లబ్ హౌస్ వంటింట్లో ప్రెసిడెంటు చేతికిచ్చాను. ఆయన నిలబడే చదివాడు. చాలా బాగా చేశావన్నాడు. ఈ పేజీ దగ్గరికి వచ్చాక మాత్రం రెండుసార్లు చదివి, అదొక్కటి బయటికి తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అతను మంచివాడే, ఎవరూ కాదనరు. కానీ ఇది మా ఊరి పుస్తకం. వాళ్ళ పేర్లు వాళ్ళు చూసుకోవడానికి వేస్తున్న పుస్తకం."

"ఆ కప్పు ఆయన ఆపిన బంతితో వచ్చింది."

"అరువు అని రాసే ఉందిగా."

"ఒక ఆదివారానికైతే అరువు. ఆరేళ్ళు వాడుకున్నాక కూడా అరువేనా?"

ఆయన గొంతు తగ్గించాడు. ఆ ఫోటోలో కప్పు పట్టుకున్న కెప్టెన్ తన తండ్రి అన్నాడు. నాకది అంతవరకూ తెలియదు. "మా నాన్న ఇప్పుడు లేడు. నువ్వు రాసింది చదివితే ఆయన్ని ఏమనుకుంటారు? ఆయన తరఫున ఎవరు మాట్లాడతారు?"

ఇంటికెళ్ళేదాకా ఆ మాట గురించే ఆలోచించాను. కెమెరా ఇచ్చిన మనిషి చెడ్డవాడని నేను అనుకోలేదు. అప్పటి ఉత్సాహంలో చేతికందినవాడికి ఇచ్చి ఉంటాడు. మరునాడు ఆ కెమెరా వాక్యం తీసేసి, మిగతాది ఉంచి, మళ్ళీ పంపాను. తండ్రి ప్రస్తావన లేదు కదా, ఇప్పుడైనా వెయ్యమన్నాను. జవాబు రాలేదు. రెండు వారాల తర్వాత ప్రెస్సు నుంచి పుస్తకాలు అట్టపెట్టెల్లో వచ్చాయి. మెరూన్ రంగు అట్ట, లోపల నా పేరు కూడా ఉంది, టైపు చేసినందుకు కృతజ్ఞతలతో. ఫైనల్ గురించి ఒక పేజీ. ఆ పేజీలో పద్నాలుగు పేర్లు. గోల్‌కీపర్ లేని జట్టు ఎలా గెలిచిందో ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ గురువారం ప్రాక్టీసుకు బూట్లు వేసుకోకుండా చేంజ్ రూమ్ బెంచీ మీద కూర్చుండిపోయాను. కెప్టెన్ వచ్చి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆవిడ ఆ ఊళ్ళో పుట్టిన మనిషి, నియమం ప్రకారం మా జట్టులో అసలు సిసలు సభ్యురాలు ఆవిడ ఒక్కతే. ఏమంటుందోనని భయపడ్డాను. ఆవిడ పుస్తకం తీసి ఆ పేజీ చూసి, జట్టు మొత్తాన్ని లోపలికి పిలిచి, నాకు చెప్పినట్టే మళ్ళీ చెప్పమంది. చెప్పాను. చివరికి ఫిలిప్పీన్స్ ఆమె ఒక ప్రశ్న అడిగింది. అయితే మనమేమిటి, అరువా?

జవాబు అందరికీ తెలుసు.

ప్రెస్సులో వేసేసిన పుస్తకాన్ని మార్చలేం. అతికించగలం. యూనివర్సిటీ లైబ్రరీలో నాలుగు లైన్ల చీటీ టైపు చేసి, పుస్తకాల లెక్కన ప్రింట్లు తీసి, కత్తిరించాను. ఆయన పేరు, గుంతకల్లు అనే ఊరి పేరు, ఆరు సీజన్లు, ఫైనల్‌లో ఆపిన బంతి. శనివారం మధ్యాహ్నం జట్టంతా చేంజ్ రూమ్‌లో చేరాం. కెప్టెన్‌కు స్టోరు గది తాళం చెవి ఉంది. పెట్టెలు తెచ్చి బెంచీల మీద పరిచాం. ఒకరు పేజీ తెరవడం, ఒకరు జిగురు రాయడం, ఒకరు అతికించి ఒత్తడం. చేతులకు అంటిన జిగురును షార్ట్స్‌కు తుడుచుకుంటూ, గోలగోలగా, సగానికి పైగా పూర్తి చేశాం.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మరునాటి ఉత్సవానికి బల్లలు దింపడానికి వచ్చిన ప్రెసిడెంటు. ఆయన మా చేతులు చూశాడు, పెట్టెలు చూశాడు, ఒక పుస్తకం తీసి చీటీ చదివాడు. చదువుతుంటే మెడ ఎర్రబడింది. నా వైపే తిరిగాడు.

"నమ్మి నీ చేతికిచ్చాను."

"అందుకే సరిగ్గా చెయ్యాలనుకున్నాను."

"రేపు నువ్వు గ్రౌండులోకి దిగొద్దు. జెర్సీ ఇచ్చెయ్."

నాకు పెర్త్‌లో ఉన్నవి క్లాసు, వంటింటి పని, ఈ జెర్సీ. వాటిలో నేను నాలా ఉండేది దీన్లోనే. కానీ అప్పటికే తల మీదుగా జెర్సీ తీస్తున్నాను, లోపల బనియన్ ఉంది కాబట్టి. తీసి బెంచీ మీద పెట్టి, ఇంకో పుస్తకం అందుకుని, చీటీ అతికించాను. చీటీ కొంచెం వంకరగా పడింది. ఆ పుస్తకం ఎవరింట్లో ఉందో, ఆ చీటీ ఇప్పటికీ వంకరగానే ఉండుంటుంది.

కెప్టెన్ తన జెర్సీ తీసి నా జెర్సీ మీద పెట్టింది. తర్వాత బ్రెజిల్ అమ్మాయి. తర్వాత మిగతావాళ్ళు. బెంచీ మీద మెరూన్ కుప్ప పెరుగుతూ పోయింది. రేపటి ఉత్సవంలో అసలు ఆకర్షణే మా మ్యాచ్. పక్క క్లబ్బు ఆడవాళ్ళు అందుకోసం గంటన్నర దూరం నుంచి వస్తున్నారు. ప్రెసిడెంటు కుప్ప వైపు చూస్తూ నిలబడ్డాడు. మీరంతా నా తండ్రిని అవమానిస్తున్నారని అన్నాడు. చీటీలో మీ నాన్న ఊసు ఒక్క ముక్కయినా ఉంటే చూపించండి అన్నాను. మళ్ళీ చదివాడు. లేదు.

పుస్తకం బెంచీ మీద పడేసి వెళ్ళిపోయాడు. జెర్సీలు కావాలని కానీ వద్దని కానీ అనలేదు. కాసేపు చూసి మేమే మళ్ళీ తొడుక్కున్నాం. మిగిలిన పుస్తకాలు కూడా పూర్తిచేశాం.

మరునాడు గుంతకల్లు ఆయన వచ్చాడు. పెద్దావిడే ఫోన్ చేసి పిలిచింది, తనే వెళ్ళి కారులో తీసుకొచ్చింది. నీలం టై కట్టుకుని, గీసిన గడ్డంతో, హెచ్ స్తంభాల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను ఆటకు సిద్ధమై బయటికి వస్తూ ఆయన్ని చూశాను. పెద్దావిడ పుస్తకం తెరిచి, చీటీ ఉన్న పేజీ ఆయన చేతిలో పెట్టింది. కళ్ళజోడు సర్దుకుని చదివాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడేమోనని నేను దగ్గరికి వెళ్ళాను. ఆయన తలెత్తి నన్ను చూసి, నుదురు చిట్లించాడు.

"ఆరు కాదు మ్మా, ఏడు. మొదటి ఏడాది పుస్తకం వీళ్ళు యాడనో పారేసుకున్నారు."

ఆట మొదలు కావడానికి పది నిమిషాలుంది. స్కోరు రాసే ఆవిడ దగ్గర పెన్ను తీసుకుని, బల్ల మీది పుస్తకాలన్నిటిలో ఆరు కొట్టేసి ఏడు రాశాను. తర్వాత కుర్చీల మధ్య తిరుగుతూ, అప్పటికే కొనుక్కున్నవాళ్ళ పుస్తకాలు కూడా అడిగి తీసుకుని దిద్దాను. కొందరు ఇచ్చారు. ఒక ముసలాయన ఇవ్వనన్నాడు. ఇద్దరు అప్పటికే చీటీ పీకేశారు, జిగురు మరక మాత్రం మిగిలింది. ప్రెసిడెంటు చేతిలోనూ పుస్తకం ఉంది. ఆయన ముందు చెయ్యి చాపి ఆగాను. ఆయన పుస్తకం ఇవ్వలేదు, నేనూ చెయ్యి దించలేదు. రిఫరీ ఈల వేసింది, పరిగెత్తాను.

ఆ మ్యాచ్ మేము ఓడిపోయాం. నా మూల నుంచి ఒక గోల్ కూడా పోయింది. చరిత్ర పుస్తకంలో ఆ సంగతి కూడా ఎవరైనా రాస్తే నాకు అభ్యంతరం లేదు.

చలికాలం చివర్లో సర్వసభ్య సమావేశం పెట్టారు. ఆ నియమం తీసెయ్యాలని నేను తీర్మానం రాశాను. సభ్యురాలిని కాదు కనుక నేను పెట్టడానికి వీల్లేదు, కెప్టెన్ పేరు మీద పెట్టాం. నన్ను మాట్లాడనివ్వడానికి కూడా చేతులెత్తి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. రాసుకున్న కాగితం కళ్ళకు ఆనక, తోచింది మాట్లాడాను. పదిహేనోవాడు లేకుండా ఏ జట్టూ గ్రౌండులోకి దిగలేదని, అతణ్ణి మనిషిగా రాసుకోవడానికి ఒక ఊళ్ళో పుట్టి ఉండాలనడం సిగ్గుచేటని అన్నాను. తెలుగులో అనుకుని ఇంగ్లీషులో అన్నాను కాబట్టి అది ఉండాల్సిన దానికన్నా మొరటుగా వచ్చి ఉంటుంది. చేతులు లెక్కపెట్టారు. వీగిపోయింది. ప్రెసిడెంటు తర్వాతి అంశానికి వెళ్ళబోతుంటే నేను ఇంకా కూర్చోలేదు. వచ్చే ఏడాది మళ్ళీ పెడతామని చెప్పి కూర్చున్నాను.

ఆ తర్వాత ఆయన నాతో ఎప్పుడూ చనువుగా మాట్లాడలేదు. సూప్ మాత్రం పోసేవాడు, అందరికీ పోసినంతే. పుస్తకాల డబ్బా నా దగ్గరి నుంచి తీసేసుకున్నారు. జట్టులో నా మూల నాకే ఉంది, ఎందుకంటే జట్టును ఎంచేది కెప్టెన్. పిన్ని మాత్రం ఆ ఏడాది ఒక మ్యాచ్‌కి వచ్చి, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని గొడుగు కింద కూర్చుంది. నన్ను ఎవరో కింద పడేస్తే లేచి నిలబడి, "రెఫరీ, వాట్ ఈజ్ దిస్?" అని అరిచింది. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో ఆ సంగతి ఎత్తవద్దని నాకు గట్టిగా చెప్పింది.

మరుసటి ఏడాది తీర్మానం మళ్ళీ పెట్టాం. అప్పటికి నా కోర్సు ఆఖరి పేపర్లలో ఉంది. ఈసారి హర్లింగ్ ఆడే కుర్రాళ్ళు కొందరు, వాళ్ళలో సగం మంది ఆ ఊరు చూడనైనా చూడనివాళ్ళు, మా వైపు చేతులెత్తారు. పెద్దావిడ రెండు చేతులూ ఎత్తితే ఒకటే లెక్కపెడతామని నవ్వుతూ చెప్పారు. నెగ్గింది. ప్రెసిడెంటు ఫలితం చదివి, సంతకం పెట్టి, వెళ్ళిపోయాడు.

నేను బయటికొచ్చి మెట్ల మీద నుంచే గుంతకల్లు ఆయనకు ఫోన్ చేశాను. ఇప్పుడు మీరు సభ్యత్వం తీసుకోవచ్చు అంకుల్, ఫారం నేనే తెచ్చిస్తానన్నాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"వద్దు మ్మా. ఏడేండ్లు నేను వాళ్ళ గోల్ కాసినా. ఇప్పుడు రమ్మంటే ఉరుక్కుంటూ పోయేదానికి నాకేం తొందర? నీ ఫారం నువ్వు రాసుకో."

లోపలికి వెళ్ళి రాసుకున్నాను. పుట్టిన ఊరు అని ఉన్న చోట ఒంగోలు అని, కొట్టొచ్చినట్టు కనపడేంత పెద్ద అక్షరాలతో.